బొంగరం ఒంట్లోకి వెళ్ళిన మందు

ఆ ఉదయం గేటు ముందు ఐదు మగకుక్కలు మగపెళ్ళివారిలా బారులు తీరి కూర్చున్నాయి. ఒకటి అప్పటికే ప్రహరీ మీదికి ముందుకాళ్ళు వేసి లోపలికి తొంగిచూస్తోంది.

"చూడవే, నీ కూతురికి సంబంధాలొచ్చాయి," అంది అక్క కిటికీలోంచి. నవ్వులాటకు అన్న మాట కాదది. అక్క నవ్వులాటకు ఏదీ అనదు.

చిట్టి చీపురు పుచ్చుకుని వెళ్ళి వాటిని అదిలించి వచ్చింది. నలభై నాలుగేళ్ళొచ్చినా, చెవుల దగ్గర జుట్టు నెరిసినా, ఇంట్లో ఆమె చిట్టే. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీయడం ఆమె పని. ఏడాదిన్నర కిందట అక్కకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తేలి ఆపరేషన్ అయినప్పుడు సాయానికని అద్దెగది ఖాళీ చేసి, కుక్కను చంకనేసుకుని అక్కింటికి వచ్చింది. ఆ అవసరం తీరిపోయింది కాని ఆమె ఉండిపోయింది. అక్క వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. బావ మాత్రం, "ఉండనీవే, ఇల్లు కాస్త సందడిగా ఉంటుంది," అన్నాడు. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా ఇరుకు గూళ్ళల్లో ఒంటరిగా పనిచేసి వస్తాడు కాబట్టి ఇంట్లో ఎంతమంది ఉన్నా ఆయనకు తక్కువే.

కుక్క పేరు బొంగరం. పడుకునే ముందు మూడుసార్లు గిర్రున తిరిగితే తప్ప దానికి నిద్ర పట్టదు. ఏడు కిలోల తెల్లకుక్క. ఏడాది నిండగానే దానికి గర్భసంచీ అండాశయాలూ తీయించేసింది చిట్టి. అలాంటిది ఇప్పుడు, ఆరేళ్ళ వయసులో, ఎదకొచ్చినదానిలా వెనకవైపు వాచి ఎర్రబడింది. నడిచినచోటల్లా తడి మరకలు.

"ఆపరేషన్ చేయించానన్నావు?" అక్క అడిగింది.

"చేయించాను."

"మరి ఆ డాక్టరేం తీశాడు, దాని గోళ్ళా?"

అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఎదుటివాళ్ళ తప్పు దొరికితే మార్కులు కోసేదాకా ఊరుకోదు. ఆమె టీ ముగించి, రొట్టె అంచు బల్ల కిందికి అందించింది. బొంగరం నోట కరుచుకుని పోయింది. కుక్క గాలి సోకితేనే ముక్కు చిట్లించే అక్క, ఈ మధ్య రోజూ దానికి రొట్టె అంచు పెట్టడం చిట్టికి వింతగానే ఉండేది. రాయైనా ఎప్పుడో ఒకప్పుడు కరుగుతుందిలే అనుకుని ఊరుకుంది.

ఆ సాయంత్రం బావ స్కూటరు మీద బొంగరాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పొట్టి మనిషి. జంతువులతో వెన్నలా, వాటిని తెచ్చినవాళ్ళతో కారంలా మాట్లాడుతుంది.

"ఆపరేషన్ చేసినవాడు అండాశయం ముక్క ఏదో లోపల వదిలేసి ఉండాలి," అంది చేతి తొడుగులు తీసేస్తూ. "లేకపోతే మనుషుల మందు దీని ఒంట్లోకి పోతుండాలి. మీ ఇంట్లో ఒంటికి రాసుకునే ఈస్ట్రోజన్ పూత, అదే ఆడ హార్మోను మందు, ఎవరన్నా వాడుతున్నారా?"

"అబ్బే, మా ఇంట్లో ఎవరూ లేరండీ," అన్నాడు బావ.

చిట్టి నేలవైపు చూసింది. "నేను వాడతాను," అంది.

మూడేళ్ళ కిందట తిత్తులు ముదిరి ఆమెకు రెండు అండాశయాలూ తీసేశారు. ఆ తర్వాత ఒంట్లో ఎవరో కొలిమి రాజేసినట్టు ఉండేది. పనిలో ఉండగా మెడ మీంచి చెమట ధారలు కట్టి అద్దాల మీద పడేది. డాక్టరు పూత రాసిచ్చాక మనిషైంది. రోజూ పొద్దున్నే ముంజేతికి రాసుకుని, ఆరనిచ్చి, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కునేది. అక్కింట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కకు వచ్చిన గడ్డ ఈస్ట్రోజన్ తిని బలిసే రకం. ఆ ఇంట్లో ఆ మాట ఎత్తడమంటే నిప్పు పేరెత్తడమే.

డాక్టరమ్మ విషయం విడమరిచి చెప్పింది. "ఈస్ట్రోజన్ రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది. కానీ అన్నిచోట్లా దాని మాట చెల్లదు. గర్భసంచిలో, రొమ్ములో, ఇంకా కొన్నిచోట్ల, కణాల లోపల దానికోసం ఒక కుర్చీ వేసుంటుంది. గ్రాహకం అంటాం. ఇది పోయి అందులో కూర్చుంటే అప్పుడు కణానికి ఆజ్ఞ అందుతుంది. ఉబ్బు, పెరుగు, అని. వచ్చింది ఎవరి ఈస్ట్రోజన్ అని కుర్చీ అడగదు. మీదైనా ఒకటే, కుక్కదైనా ఒకటే. ఇది మీ చేతులు నాకుతుందా?"

"పనినుంచి రాగానే నాకుతుంది."

"ఇంకేం మరి! నెల రోజులు మీ చేతులు దీని దగ్గరికి పోనివ్వకండి. అప్పటికీ తగ్గకపోతే కోసి చూద్దాం."

బయటికొచ్చాక బావ స్కూటరు తీయలేదు. "నేను మీ అక్క దగ్గర దాచలేనమ్మా."

"దాచొద్దు బావా. చెప్పండి."

ఆయన చెప్పాడు. అక్క పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర కలం మూత పెట్టి, కళ్ళజోడు తీసి, చిట్టిని తేరిపారా చూసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడేళ్ళు."

"అంటే నాకు ఆపరేషన్ అయి, కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు, నాకు స్నానం చేయించిన చేతులకి అది రాసుందన్నమాట."

"ఆరిపోయాకే పనిలో దిగేదాన్ని. సబ్బుతో కడుక్కునేదాన్ని."

"కుక్కకి ఎక్కింది, నాకు ఎక్కదా?"

 ఆ ప్రశ్న చిట్టిని డాక్టరమ్మ బల్ల దగ్గరనుంచే తొలిచేస్తోంది.

"చిన్నప్పుడు నా బొమ్మల కళ్ళు పీకేదానివి. ఇప్పుడు మనిషినే పీకుదామనుకున్నావా?" అక్క గొంతు పెంచలేదు. క్లాసులో కూడా ఆమె గొంతు పెంచదనీ, అందుకే పిల్లలు హడలి చస్తారనీ బావ అంటుంటాడు. "నాకు అన్నం పెడుతూ, విషం పక్కన పెట్టుకుని పడుకున్నావు. పాముకి పాలు పోసినా ఇంతకన్నా నయం. అదన్నా బుస కొట్టి చెబుతుంది."

"అక్కా, నీకు హాని చెయ్యాలని..."

"సామాను సర్దుకో."

బావ ఏదో అనబోయాడు. అక్క అటు చూడగానే నోరు మూసుకున్నాడు.

చిట్టి సర్దుకుంది. కుక్క గొలుసు తీయబోతే అక్క అడ్డం వచ్చింది. "అది ఇక్కడే ఉంటుంది. నీ చేతుల్లో పెడితే మళ్ళీ దాన్నీ చంపుతావు. డాక్టరే చెప్పిందిగా, నిన్ను దూరంగా ఉంచమని."

అది నిజమే. పైగా ఆ పూటకు ఆమెకు దొరికేది దుకాణం పైనున్న గది. దాని యజమాని కుక్కల్ని రానివ్వడు. చిట్టి ఒంటరిగా మెట్లు దిగింది. వెనక బొంగరం తలుపు గీరుతున్న చప్పుడు వీధి మలుపుదాకా వినిపించింది.

ఆ రాత్రే పూత డబ్బా చెత్తబుట్టలో పారేసింది. ఎవరూ పారేయమనలేదు. అక్క మళ్ళీ జబ్బున పడితే అది తన చేతి పనే అవుతుందేమో అన్న భయం ఆమెను వదల్లేదు. వారం తిరిగేసరికి కొలిమి మళ్ళీ రాజుకుంది. అరగదీసే యంత్రం ముందు కూర్చుంటే చెమటకు వేళ్ళు జారేవి. ఒకరోజు ఎవరో ముసలాయనకు చేస్తున్న దగ్గరచూపు అద్దాలు రెండూ పాడుచేసింది. దుకాణదారు, "ఏమ్మా, నీకే కళ్ళద్దాలు కావాలా?" అని వెటకారమాడాడు. ఆమె ఎన్నడూ లేనిది ఆయన మీద విరుచుకుపడింది. ఐదు వారాల్లో అక్కకు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ అక్క ఎత్తి, గొంతు విని, పెట్టేసింది.

ఐదో వారం చివర్లో బావ ఫోన్ చేశాడు. "బొంగరానికి ఏం బాలేదమ్మా. వాపు ఇంకా పెరిగింది. చీము కారుతోంది. తిండి మానేసింది. నువ్వు రా."

ఇద్దరూ పశువుల ఆసుపత్రిలో కలిశారు. బొంగరం చిట్టిని చూసి తోక ఊపబోయి, సగంలో ఆపేసింది. డాక్టరమ్మ రక్తం తీసింది. వెనకభాగం నుంచి కాస్త తడిని గాజుపలక మీదికి తీసి సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది. మర్నాడు రక్తపరీక్ష ఫలితం వచ్చాక ఇద్దర్నీ మళ్ళీ పిలిచి నిలబెట్టింది.

"మీరు దీన్ని ముట్టుకుని ఎన్నాళ్ళైంది?"

"ఐదు వారాలు. ఆ పూత కూడా మానేశాను."

"అయితే మీ పూత కాదు. అండాశయం ముక్కా కాదు. రక్తంలో ఈస్ట్రోజన్ దాదాపు సున్నా. కణాలు చూస్తే మాత్రం ఈస్ట్రోజన్‌లో నానబెట్టినట్టున్నాయి." ఆమె బల్ల మీద వేలితో తట్టింది. "అసలుది లేదు. కుర్చీ ఖాళీగానూ లేదు. ఎవరో దొంగ ఎక్కి కూర్చుని ఆజ్ఞలిస్తున్నాడు. మీ ఇంట్లో ఉన్న మందులన్నీ చెప్పండి. తలనొప్పి బిళ్ళతో సహా."

బావ వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. తన రక్తపోటు మాత్ర, జలుబు మందు, క్యాన్సర్ తిరగబెట్టకుండా అక్క రోజూ వేసుకునే మాత్ర. ఆ చివరిదాని పేరు వినగానే డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"అది ఈస్ట్రోజన్‌కి విరోధి మందు కదండీ?" అన్నాడు బావ. "క్యాన్సర్ డాక్టరు అలాగే చెప్పాడు. అది ఈస్ట్రోజన్‌ని దగ్గరికి రానివ్వదట."

"ఆడవాళ్ళ రొమ్ములో విరోధే. పోయి ఆ కుర్చీలో కూర్చుంటుంది. తను పని చెయ్యదు, ఈస్ట్రోజన్‌ని కూర్చోనివ్వదు. గడ్డివాములో కుక్క అంటామే, అలాగ." ఆమె బొంగరం తల నిమిరింది. "నిన్ను కాదులే తల్లీ. కానీ కుర్చీ ఒకటే అయినా ఇల్లు మారితే తీరు మారుతుంది. అత్తింట్లో నోరు విప్పని మనిషి పుట్టింట్లో పెత్తనం చెయ్యదూ? ఈ మందూ అంతే. కుక్క ఒంట్లోకొస్తే విరోధం మర్చిపోతుంది. అచ్చం ఈస్ట్రోజన్‌లాగే నడుచుకుంటుంది. మీరు ఏ మందు చూసి భయపడ్డారో, ఇది దాని పనే చేసింది. అదీ ఒకటీ అరా మాత్రతో కాదు. రోజూ పడుతుండాలి."

"అసాధ్యం," అన్నాడు బావ. "రోజూ టీతోపాటు నా చేత్తో నేనే ఇస్తాను. నా కళ్ళముందే మింగుతుంది."

చిట్టి గోడకు ఆనుకుంది. బల్ల కిందికి జారే రొట్టె అంచు ఆమె కళ్ళముందు కదిలింది. ముందు చల్లగా, ఆ తర్వాత వేడిగా కోపం వచ్చింది. ఐదు వారాలుగా తనను తాను తిట్టుకున్న ప్రతి మాటా ఆ కోపంలో తిరిగొచ్చింది.

గర్భసంచి తీసేశాక లోపల మిగిలిపోయిన దాని మొదలు ముక్కలో చీము పట్టిందనీ, మర్నాడు కోయాలనీ చెప్పి డాక్టరమ్మ కుక్కను అక్కడే ఉంచుకుంది.

"బావా," అంది చిట్టి బయట, "రేపు పొద్దున టీ వేళకి వస్తాను. అక్కతో ఏమీ అనకండి."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి అక్క బడికి తయారై బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఎవరు పిలిచారు నిన్ను?"

"ఎవరూ పిలవలేదు," అని చిట్టి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

బావ మాత్రా నీళ్ళూ అందించాడు.  అక్క మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. రొట్టె కొరికింది. పెదాలు తుడుచుకుంటున్నట్టు వేళ్ళు నోటిదాకా వెళ్ళొచ్చాయి. తర్వాత అంచు పట్టుకున్న చెయ్యి అలవాటు కొద్దీ బల్ల కిందికి దిగింది. అక్కడ ఎవరూ లేరు. ఆ చెయ్యి పైకి రాలేదు.

"అంచు తిను అక్కా," అంది చిట్టి.

"నాకు అంచులు పడవు."

"అయితే ఇలా ఇయ్యి, నేను తింటా. పారేయడమెందుకు?"

"నీకు కావాలంటే అక్కడ రొట్టె మొత్తం ఉంది."

"నాకు అదే కావాలి."

అక్క లేచింది. బావ ఆమెకు అడ్డంగా నిలబడి, పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో మొదటిసారిగా ఆమె పిడికిలి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. నలిగిన రొట్టె మెత్తటి భాగంలో తెల్ల మాత్ర, ఒక పక్క తడిసి, ఇరుక్కుని ఉంది.

 బావ ఆ మాత్రను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలోనే ఉంచుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" చిట్టి అడిగింది. అక్క తనను అడిగిన ప్రశ్నే అది. గొంతు కూడా అలాగే పెట్టింది, కావాలనే.

"తొంభై ఆరు రోజులు," అంది అక్క. లెక్కల టీచరు కదా. "ఏం? ఉరి తీస్తారా?"

"నన్ను హంతకురాలన్నావు. రాత్రులు నిద్ర లేక చచ్చాను. నీకు తెలుసు, నా పూత వల్ల కాదని."

"తెలీదు. కుక్క సంగతి నిజంగా తెలీదు. ఇంత బిళ్ళ దాన్నేం చేస్తుందిలే అనుకున్నా." అని, వెంటనే గడ్డం పైకెత్తింది. "తెలిసినా నిన్ను పంపేసేదాన్నే. ఆ బిళ్ళ మింగితే నాకు ఒళ్ళంతా మంటలు. వేళ్ళు బిగుసుకుపోయి బోర్డు ముందు సుద్దముక్క జారిపడితే పిల్లలు నవ్వారు. ఇరవై ఏడేళ్ళుగా నా క్లాసులో ఎవడూ నవ్వలేదు. ఇంటికొస్తే మీరిద్దరూ నా నోట్లోకి తొంగిచూస్తూ కూర్చుంటారు. పక్కగదిలో నువ్వేమో చల్లగా నిద్రపోతుంటావు. ఎందుకో ఆ రోజు తెలిసింది. నా ఒంట్లో ఆపేసినదాన్నే నువ్వు డబ్బాలో కొనుక్కుని రాసుకుంటున్నావు!"

"నాతో చెప్పి ఉండొచ్చుగా," అన్నాడు బావ.

"చెబితే మీరు ఏడుస్తారు."

ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు. అక్క అది చూసి అసహ్యంగా మొహం తిప్పుకుంది. 

చిట్టి లేచింది. చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. "నీ రోగం తిరగబెడితే దానికి నేను కారణం కాదు," అంది చివరికి. "ఆ మాట నాకు చాలు." మెట్లు దిగుతుంటేనే ఆ మాటకు సిగ్గేసింది. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.

ఆ మధ్యాహ్నం బొంగరానికి ఆపరేషన్ అయింది. సాయంత్రం చిట్టి వెళ్ళేసరికి, అక్క బడి సంచీ భుజాన వేసుకుని పశువుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడి డాక్టరమ్మతో వాదిస్తోంది.

"కుక్క కుర్చీ సంగతి అంత వివరంగా చెప్పారట. నాది చెప్పండి. తొంభై ఆరు రోజులు ఖాళీగా ఉంది. ఎవరు కూర్చుని ఉంటారు అందులో?"

"నేను పశువుల డాక్టర్నమ్మా. మీ డాక్టర్ని అడగండి."

"ఆయన తిడతాడు."

"తిట్టించుకోండి! నా దగ్గరికొచ్చేవాటిలో ఒక్కటీ మందు మింగినట్టు నటించదు. ఉమ్మేస్తే నా మొహానే ఉమ్మేస్తుంది. మీరు చేసిన పనికి అది చావబోయింది. చెయ్యాల్సిన పని మానేసినందుకు మీరు చావబోతున్నారేమో నాకు తెలీదు. పోయి కనుక్కోండి."

అక్కతో అలా మాట్లాడిన మనిషిని చిట్టి ఎన్నడూ చూడలేదు. అక్క ఎదురు మాట్లాడకుండా మెట్లు దిగి, చిట్టి పక్కనుంచి ఆమె గోడో స్తంభమో అయినట్టు వెళ్ళిపోయింది.

అక్క క్యాన్సర్ డాక్టరు దగ్గరికి ఏ రోజు వెళ్తోందో బావ చెప్పాడు. ఆయన్ను రావద్దందట. చిట్టి సెలవు పెట్టి తనంతట తాను వెళ్ళి, వరండాలో అక్కకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. గంటంపావు సేపు ఇద్దరూ ఎదుటి గోడ మీది అగ్నిమాపక సూచనలు చదివారు.

నర్సు పేరు పిలిచి, చిట్టి కూడా లేవడం చూసి, "మీరెవరు?" అంది.

"చెల్లెలు," అంది అక్క విసుగ్గా. "రానివ్వండి. లేకపోతే బయట కూర్చుని నా గురించి కథలల్లుతుంది."

లోపల అక్క ఒక్క రోజు కూడా తగ్గించకుండా లెక్క చెప్పింది. డాక్టరు తిట్టాడు. ఆ తర్వాత కలం కింద పెట్టి, మంటల గురించి, వేళ్ళ గురించి చాలాసేపు అడిగాడు. అంతకు ముందు ఎవరూ అలా అడగలేదు, అడిగేలా అక్క ఎవరికీ చెప్పనూ లేదు. స్కానింగులు రాశాడు. అక్క వయసుకు ఇంకో దారి ఉందని మందు మార్చాడు. కుర్చీలో అడ్డంగా కూర్చునేది కాదు, ఒంట్లో ఈస్ట్రోజన్ తయారవడాన్నే తగ్గించేది. చిట్టి తన పూత సంగతి తనే ఎత్తింది. ఆరిన చేతుల నుంచి అంటేది బహుశా కొద్దిపాటే అయినా, అక్కలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఆ మాట దాచడం తప్పేననీ, వేరేచోట ఉంటోంది కాబట్టి మళ్ళీ వాడుకోవచ్చో లేదో తన డాక్టర్నే అడగమనీ ఆయన అన్నాడు. తప్పు అన్న మాట దగ్గర అక్క చిట్టివైపు చూసింది. మార్కులు కోసినప్పటి చూపే అది.

స్కానింగుల్లో ఏమీ కనిపించలేదు. "ఇప్పటికి," అన్నాడు డాక్టరు. అక్క ఆ మాటను ఇంట్లో ఎవర్నీ మర్చిపోనివ్వలేదు.

చిట్టి తిరిగి ఆ ఇంటికి వెళ్ళలేదు. కుక్కను ఒప్పుకునే గది ఊరి అవతలి కొసన దొరికింది. బొంగరం కుట్లు మానాయి, వాపు రెండు నెలల్లో పూర్తిగా దిగిపోయింది. బావ ఆదివారాలు వచ్చి దాన్ని తిప్పి తీసుకొస్తాడు. అక్కకు ఇప్పుడు ఆయన మాత్ర అందించడం లేదు. డబ్బా బల్ల మీద పెట్టి, వాకిట్లోకి వెళ్ళి పేపరు చదువుకుంటాడు. ఆమె మింగుతోందా లేదా అని చిట్టి ఒకసారి అడిగింది.

"అడగను," అన్నాడాయన. "అడిగితే మళ్ళీ మొదటికొస్తుంది."

మూడు నెలలకోసారి పరీక్షలకు అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్తారు, వేర్వేరు బస్సుల్లో. పోయినసారి చిట్టి పావుగంట ఆలస్యంగా చేరింది. నర్సు పేరు పిలిచినా అక్క లోపలికి వెళ్ళకుండా, తన తర్వాతవాళ్ళను పంపించి, వరండాలో నిలబడి ఉంది.

"అద్దాలు అరగదీసేవాళ్ళకి గడియారం కనిపించదా?" అంది చిట్టిని చూడగానే. "నడు. నీవల్ల నా వరస పోయింది."